మట్టిలో విమానం, మనసులో మనిషి

(మన పాఠశాల పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శిగారు ఫోన్ చేసి, "నువ్వు వైమానిక దళంలో పనిచేశావు కదా, విమానాల గురించి ఏదైనా చెప్పు. పిల్లలు కూడా ఉంటారు" అన్నారు. నేను విమానం నడిపినవాణ్ణి కాను. ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌ని. రివెట్లు, రేకులు, బోల్టులు నా పని. ఎగిరే విమానం గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను కూలిన విమానం గురించి చెబుతాను. రెండో ప్రపంచ యుద్ధంలో కూలి, మట్టిలో కలిసిపోయిన యుద్ధ విమానాన్ని డెబ్భై ఏళ్ళ తరవాత ఎందుకు తవ్వుతారు, ఎలా తవ్వుతారు, దానితో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవాళ్ళకి ఏం పని అన్నదే ఈ పూట విషయం.

ఆ ఏప్రిల్ నెల

యుద్ధం అంటే మనకి దూరపు మాట అనుకుంటాం. 1942 ఏప్రిల్‌లో అది మన గుమ్మం దాకా వచ్చింది. ఏప్రిల్ 5న జపాన్ నౌకాదళం కొలంబో మీద దాడి చేసింది. అదే సమయంలో ర్యూజో అనే చిన్న విమానవాహక నౌకతో, క్రూజర్లతో మరో దళం బంగాళాఖాతంలోకి వచ్చింది. ఏప్రిల్ 6న ఆ ర్యూజో విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ కొద్ది రోజుల్లో మన తూర్పు తీరం ఎదుట ఇరవైకి పైగా వర్తక నౌకలు మునిగిపోయాయి.

అప్పటికి శ్రీకాకుళం జిల్లా లేదు, విజయనగరం జిల్లా లేదు. ఇక్కడి నుంచి ఇచ్ఛాపురం దాకా అంతా విశాఖపట్నం జిల్లాయే. అంటే బాంబు పడింది పొరుగు జిల్లాలో కాదు, మన జిల్లా కేంద్రంలో. పట్నం ఖాళీ అయింది. జనం సామాను కట్టుకుని లోపలి ఊళ్ళకి వచ్చేశారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తుని గుంటూరుకి తరలించారు. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసిన సింధియా నౌకా నిర్మాణ కేంద్రానికి ఇంకా ఏడాదైనా నిండలేదు. అప్పుడు పడి పేలని బాంబు ఒకటి విశాఖ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. పిల్లల్ని బీచికి తీసుకెళ్ళినప్పుడు అక్కడికి కూడా ఒకసారి తీసుకెళ్ళండి.

ఆ రోజుల్లో విశాఖలో మనవాళ్ళ రక్షణ ఏమిటంటే, తీరాన్ని కాపలా కాసే స్వచ్ఛంద వైమానిక దళం ఒకటి ఉండేది. కోస్టల్ డిఫెన్స్ ఫ్లైట్ అనేవారు. విశాఖది ఆరో నంబరు. వాళ్ళ చేతిలో ఉన్నవి వాపిటీ రకం విమానాలు. ఒకదాని మీద ఒకటి రెండు రెక్కలు, ఒకటే ఇంజను, పైన కప్పు లేని సీట్లు. వర్షం వస్తే నడిపేవాడు తడుస్తాడు. అలాంటి విమానంతో సముద్రం మీదికి వెళ్ళి శత్రు నౌకలు ఎక్కడున్నాయో చూసి రావాలి. ఆ విమానాలకి మరమ్మతులు చేసిన ఫిట్టర్లని తలుచుకుంటే నాకు ఇప్పటికీ చేతులు జోడించాలనిపిస్తుంది.

ఆ తరవాత మూడేళ్ళూ తూర్పు తీరం పొడవునా విమాన స్థావరాలు వెలిశాయి. మన పొరుగున ఒడిశాలో మయూర్‌భంజ్ జిల్లాలోని అమర్దా రోడ్ స్థావరం వాటిలో పెద్దది. అక్కడ 1945 జూలై 26న శిక్షణలో జట్టుగా ఎగురుతున్న రెండు లిబరేటర్ బాంబర్లు ఒకదాన్నొకటి ఢీకొని కూలిపోయాయి. 14 మంది చనిపోయారు. యుద్ధం ఇంకో మూడు వారాల్లో ముగుస్తుందనగా జరిగిన సంగతి ఇది. యుద్ధంలో విమానాలు శత్రువు గుండుకే కూలవు. వాన, మబ్బు, అలసట, ఒక్క క్షణం తొందరపాటు కూడా కూలుస్తాయి.

సాలిహుండం తవ్వకానికీ దీనికీ తేడా

మన పిల్లలకి తవ్వకం అంటే సాలిహుండం గుర్తుకొస్తుంది. వంశధార ఒడ్డున కొండ మీద బౌద్ధ స్తూపాలు. 1919లో ఆ చోటుని వెలుగులోకి తెచ్చింది గిడుగు రామమూర్తి పంతులుగారు. ఆయన పురావస్తు శాఖ అధికారి కారు. పర్లాకిమిడిలో బడిపంతులు. పిల్లలకి చరిత్ర చెబుతూ, ముఖలింగం శాసనాలు తానే చదువుకుని, చుట్టుపక్కల కొండలు తిరిగి చూసిన మనిషి. ఈ సభలో ఉపాధ్యాయులు చాలామంది ఉన్నారు కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను.

సాలిహుండంలో పొరలుంటాయి. అడుగు పొర పాతది, పై పొర కొత్తది. వందల ఏళ్ళ జీవితం అందులో పేరుకుని ఉంటుంది. కూలిన విమానం తవ్వకంలో అలాంటి పొరలుండవు. అంతా ఒక్క క్షణంలో జరిగిపోయింది. ఆ క్షణంలో ఏ వస్తువు ఎక్కడ పడిందో అదే మనకి దొరికే చరిత్ర. ముక్కుతో నిలువుగా దిగితే ఇంజన్లు బరువు కాబట్టి అన్నిటికంటే లోతుకి పోతాయి, మిగతావి వాటి మీద కుప్ప పడతాయి. ఏటవాలుగా వచ్చి కొండని తాకితే ముక్కలు ఫర్లాంగుల దూరం చెదిరిపోతాయి. తోక ఒక చోట, రెక్క ఒక చోట. అందుకే ముక్కలు పడిన తీరుని ముందు కాగితం మీద గీసుకుంటే విమానం ఏ దిక్కు నుంచి వచ్చింది, ఎంత వేగంతో తాకింది, లోపల ఎవరు ఎక్కడ కూర్చుని ఉండొచ్చు అన్నది తేలుతుంది. ఒక్క ముక్కని చోటు మార్చినా ఆ లెక్క కొంత చెడిపోతుంది. తెలిసినవాళ్ళు ముందు కొలుస్తారు, తరవాతే తవ్వుతారు.

కొండ మీద దొరికిన 'హాట్ యాజ్ హెల్'

మన దేశంలోనే జరిగిన ఒక తవ్వకం చెబుతాను.

జపాన్ బర్మాని ఆక్రమించుకున్నాక చైనాకి భూమార్గం మూసుకుపోయింది. దాంతో అస్సాం నుంచి చైనాలోని కున్మింగ్‌కి హిమాలయాల తూర్పు కొస మీదుగా విమానాల్లో సరుకు మోశారు. పెట్రోలు, మందుగుండు, మందులు, ఏది కావాలన్నా గాలిలోనే వెళ్ళాలి. ఆ దారిని పైలట్లు 'హంప్' అనేవారు, అంటే మూపురం. 1942 నుంచి 1945 వరకు ఆ మూపురం మీదుగా సుమారు 6,50,000 టన్నుల సరుకు వెళ్ళింది. దానికి కట్టిన సుంకం సుమారు 600 విమానాలు. ఆ అడవుల్లో కూలిన విమానాల అల్యూమినియం మీద ఎండపడితే మెరిసే మెరుపే దారి చూపించేదని పైలట్లు చెప్పుకునేవారు.

1944 జనవరి 25న కున్మింగ్ నుంచి అస్సాంలోని చబువాకి బయలుదేరిన బీ-24 బాంబర్ ఒకటి రాలేదు. దాని ముద్దుపేరు 'హాట్ యాజ్ హెల్'. లోపల ఎనిమిదిమంది. వాతావరణం భయంకరంగా ఉంది. వెతికారు, దొరకలేదు. ఎనిమిది ఇళ్ళకి తంతులు వెళ్ళాయి. 'ఆచూకీ లేదు' అన్న మాట ఒక్కటే ఆ ఇళ్ళకి మిగిలింది.

62 ఏళ్ళు గడిచాయి. అమెరికాలోని అరిజోనాకి చెందిన క్లేటన్ కూల్స్ అనే వ్యాపారి తన సొంత డబ్బుతో ఇలాంటి విమానాల్ని వెతుకుతూ అరుణాచల్ కొండలెక్కాడు. 2006లో దమ్రో గ్రామం దగ్గరి కొండ మీద ఈ విమానం శిథిలాలు చూశాడు. ఆయనకి దారి చూపింది ఉపగ్రహం కాదు. ఆ కొండల్లో వేటకి తిరిగే స్థానికులు. ఫలానా లోయలో ఇనుము ఉందని వాళ్ళ తాతల నాటి నుంచీ వాళ్ళకి తెలుసు. ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు, అంతే. ఈ ఒక్క సంగతి మీరు గుర్తు పెట్టుకోండి, చివర్లో మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

2008లో అమెరికా సైనిక బృందం వచ్చి స్థలాన్ని పరిశీలించింది. తరవాత ఏళ్ళ తరబడి పని ఆగింది. 2015లో మళ్ళీ వచ్చి తవ్వారు. దొరికిన అవశేషాలని 2016 ఏప్రిల్‌లో ఢిల్లీ పాలం స్థావరం నుంచి సైనిక లాంఛనాలతో పంపించారు. 2017లో అందులో ఒకరిని గుర్తించారు. జార్జియా రాష్ట్రంలోని కాంకర్డ్ అనే చిన్న ఊరివాడు, లెఫ్టినెంట్ రాబర్ట్ ఆక్స్‌ఫర్డ్. పోయేనాటికి 24 ఏళ్ళు. 73 ఏళ్ళ తరవాత సొంత ఊరు చేరి, అక్కడి మట్టిలో కలిశాడు. అతన్ని కన్నవాళ్ళు అప్పటికి లేరు.

ఒక్కసారి లెక్క చూడండి. ఎనిమిదిమందిలో మొదట ఒక్కరి ఆచూకీ తెలియడానికి ఏడు దశాబ్దాలు. ఎన్నో ప్రయాణాలు, రెండు దేశాల ప్రభుత్వాల మధ్య ఉత్తరప్రత్యుత్తరాలు. ఇలా మన దేశపు కొండల్లో ఆచూకీ తెలియనివాళ్ళు సుమారు 400 మంది ఉన్నారని అమెరికా లెక్క.

తవ్వకం ఎలా సాగుతుంది

పిల్లలకి ఇది ఆసక్తిగా ఉంటుందని కొంచెం వివరంగా చెబుతాను.

ముందు రికార్డులు. ఏ రోజు ఏ విమానం రాలేదు, ఎవరెవరు ఉన్నారు అన్నది చూస్తారు. అమెరికా వైమానిక దళం 1943 నుంచి ప్రతి తప్పిపోయిన విమానానికీ ఒక నివేదిక రాసేది. అందులో మనుషుల పేర్లే కాకుండా ఇంజన్ల నంబర్లు, మెషిన్‌గన్‌ల నంబర్లు కూడా రాసేవారు. మెషిన్‌గన్ నంబరు ఎందుకు అని ఆ రోజున ఏ గుమాస్తా అయినా విసుక్కుని ఉంటాడు. డెబ్భై ఏళ్ళ తరవాత మట్టిలో దొరికిన తుప్పు పట్టిన తుపాకీ మీద నాలుగంకెలు చదవగలిగితే చాలు, ఇది ఏ విమానమో తేలిపోతుంది. రిజిస్టరు సరిగ్గా రాసే ప్రతి గుమాస్తాకీ ఈ పుణ్యంలో వాటా ఉంది.

రెండోది ప్రమాదాల పరిశీలన. పేలని మందుగుండు ఉండొచ్చు. ఆక్సిజన్ సిలిండర్లు ఉండొచ్చు. ఆ రోజుల్లో మీటర్లు చీకట్లో కనబడటానికి ముళ్ళకి రేడియం పూసేవారు. అద్దం పగిలితే ఆ పొడి ఇప్పటికీ ప్రమాదమే, ఎందుకంటే రేడియం సగం తగ్గడానికే 1,600 ఏళ్ళు పడుతుంది. అందుకని బాంబులు తొలగించే నిపుణుడు చూసి సరే అన్నాకే మిగతావాళ్ళు అడుగు పెడతారు.

మూడోది గళ్ళు కట్టడం. మనం పొలం మడులు కట్టినట్టు, నేల మీద దారాలు లాగి సమానమైన చదరాలు చేస్తారు. ఒక్కొక్క గడికి ఒక నంబరు. ఆ గడిలో మట్టి ఆ గడి పేరు మీదే బకెట్లలో వెళుతుంది. మనుషులు వరసగా నిలబడి బకెట్లు చేతులు మారుస్తారు. ఒడ్డున జల్లెడ. మన ఇళ్ళలో బియ్యం జల్లించినట్టే, కాని కన్నం పావంగుళం. బంకమట్టి అయితే పైపుతో నీళ్ళు కొట్టి కడుగుతూ జల్లిస్తారు. టన్నుల కొద్దీ మట్టి అలా చేతుల మీదుగా పోవాలి.

ఏం దొరుకుతుంది? అల్యూమినియం రేకులు తెల్లటి పొడిగా రాలిపోతుంటాయి. ఉక్కు తుప్పు పట్టి ఉబ్బిపోతుంది. ఇత్తడి బాగా నిలుస్తుంది. పారాచూట్ బకిల్, జిప్పు పళ్ళు, బూటు అడుగు, మెడలో వేసుకునే గుర్తింపు బిళ్ళ. వీటి విలువ ఇంజను కంటే ఎక్కువ. ఇంజను విమానానిది, బకిల్ మనిషిది. బకిల్ దొరికిన గడి దగ్గర పని నెమ్మదిస్తుంది. పారలు పక్కన పెట్టి చిన్న తాపీలు, కుంచెలు పట్టుకుంటారు.

తరవాత ప్రయోగశాల. అక్కడ పళ్ళని పాత దంతవైద్యుడి కార్డుతో పోలుస్తారు. ఎముక ముక్కలోంచి డీఎన్ఏ తీసి తల్లివైపు బంధువుల రక్తంతో పోలుస్తారు. తల్లి నుంచి పిల్లలకి మాత్రమే సంక్రమించే డీఎన్ఏ ఒకటుంది, పాత ఎముకల్లో అదే ఎక్కువగా మిగులుతుంది. అంటే పోయినవాడి అక్కచెల్లెళ్ళ పిల్లలు, ఆ ఆడపిల్లల పిల్లలు బతికుంటే ఇప్పటికీ గుర్తుపట్టొచ్చు. ఇంటిపేరు తండ్రి వైపు నుంచి వస్తుంది గాని, మట్టిలోంచి మనిషిని ఇంటికి తీసుకొచ్చేది మేనల్లుళ్ళు, మేనకోడళ్ళే.

తవ్వకుండా వదిలేసినది, చెయ్యి అందనిది

ప్రతి శిథిలాన్నీ తవ్వాలని నేను చెప్పడం లేదు. మన సముద్రంలోనే రెండు ఉదాహరణలున్నాయి.

1971 యుద్ధంలో డిసెంబరు 3 అర్ధరాత్రి ప్రాంతంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ రేవు ముందు మునిగిపోయింది. లోపలున్న వాళ్ళు ఒక్కరూ బతకలేదు. మనలో కొందరికి ఆ రాత్రి వినబడిన పేలుడు గుర్తుండే ఉంటుంది. 2024లో మన నౌకాదళం లోతు నీళ్ళలో పనిచేసే కొత్త యంత్రంతో ఆ శిథిలాన్ని గుర్తించింది. తీరానికి దగ్గరలోనే, సుమారు 100 మీటర్ల లోతులో ఉంది. కావాలంటే ముట్టుకోవచ్చు. ముట్టుకోలేదు. అది చనిపోయినవాళ్ళ సమాధి కాబట్టి అలాగే వదిలేశామని నౌకాదళంవారు చెప్పారు. వచ్చినవాళ్ళు మన రేవుని ముంచడానికే వచ్చారు. అయినా పోయినవాడు శత్రువు కాడన్నది మన పెద్దలు చెప్పిన మాటే కదా. రావణుడికి దహన సంస్కారం చేయించమని రాముడే విభీషణుడికి చెప్పిన కథ విని పెరిగినవాళ్ళం.

రెండోది మనకి ఇంకా దగ్గరది. 2016 జూలై 22న మన వైమానిక దళానికి చెందిన ఏఎన్-32 విమానం చెన్నై దగ్గరి తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి బయలుదేరి దారిలో కనబడకుండా పోయింది. అందులో 29 మంది. వాళ్ళలో ఎనిమిదిమంది విశాఖపట్నం నావల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు. అది యుద్ధం కాదు, ఉద్యోగం మీద వెళ్ళిన ప్రయాణం. నౌకలు, విమానాలు రోజుల తరబడి వెతికాయి. సెప్టెంబరు నెలలో, చనిపోయినట్టు భావించాలని కుటుంబాలకి ఉత్తరాలు వెళ్ళాయి.

'భావించాలి' అన్న మాట ఎంత బరువో ఆ ఇళ్ళలో ఆడవాళ్ళకి తెలుసు. బొట్టు తీయాలా వద్దా? పదకొండో రోజు ఎప్పటి నుంచి లెక్క పెట్టాలి? సంవత్సరీకం ఏ తిథికి పెట్టాలి? గేటు చప్పుడైతే లేచి చూడటం మానాలా? దేహం ఇంటికి రానివాళ్ళ ఇంట్లో దుఃఖానికి మొదలు లేదు, చివర లేదు.

ఏడున్నరేళ్ళ తరవాత, 2024 జనవరిలో ఒక కబురు వచ్చింది. చెన్నైలోని జాతీయ మహాసముద్ర సాంకేతిక సంస్థ వారి మనిషి లేని జలాంతర యంత్రం సముద్రపు అడుగున తీసిన ఫొటోల్లో కూలిన విమానం ముక్కలు కనిపించాయి. లోతు 3,400 మీటర్లు. అంటే మన మహేంద్రగిరి రెండుసార్లు మునిగిపోయి ఇంకా మిగిలే లోతు. ఫొటోలు పరిశీలించి అవి ఏఎన్-32 భాగాలేనని తేల్చారు. ఆ ప్రాంతంలో తప్పిపోయిన విమానం మరొకటి లేదు కూడా.

అక్కడ తాపీ లేదు, జల్లెడ లేదు. పైకి ఏమీ రాలేదు. వచ్చింది ఒక ఫొటో, ఒక చోటు. అదైనా చిన్న సంగతి కాదు. ఇన్నాళ్ళూ సముద్రమంతా అనుమానమే. ఇప్పుడు ఫలానా చోట అని చెప్పుకోవడానికి ఒక స్థానం ఉంది. ఆ దిక్కుకి తిరిగి తిలోదకం వదలొచ్చు. నేను ముప్పై ఏళ్ళు విమానాల కింద పడుకుని బోల్టులు బిగించినవాణ్ణి. తవ్వకాల గురించి చదవడం మొదలుపెట్టింది ఈ కబురు తరవాతే. విమానం ముక్క దొరకడం వల్ల ఎవరికి ఏమిటి లాభం అని ఎవరైనా అడిగితే నా దగ్గరున్న జవాబు ఇదే.

చట్టం ఏమంటోంది

బ్రిటన్‌లో 1986లో ఒక చట్టం చేశారు. సైనిక విధుల్లో ఉండగా కూలిన ప్రతి విమానానికీ దానంతటదే రక్షణ వస్తుంది. లైసెన్సు లేకుండా ఎవరూ తవ్వకూడదు, ముక్క కూడా ఎత్తుకుపోకూడదు. లోపల మానవ అవశేషాలు, పేలని మందుగుండు ఉన్నాయన్న అనుమానం ఉంటే మామూలుగా లైసెన్సు ఇవ్వరు.

మన దేశంలో పురావస్తువులకి 1972 నాటి చట్టం ఉంది. దాని ప్రకారం ఒక వస్తువు పురావస్తువు కావాలంటే కనీసం 100 ఏళ్ళ వయసుండాలి. 1942లో పడిన విమానం ముక్క 2042 వరకు ఆ లెక్కలోకి రాదు. ఈ మధ్యకాలంలో అది ఎవరి దృష్టిలో ఏమిటి? పాత సామాన్లవాడి తక్కెడలో కిలో ఇంత. అల్యూమినియంకి ఒక రేటు, రాగికి ఒక రేటు. చరిత్ర అయ్యేదాకా ఆగకుండా కరిగి గిన్నెలైపోతుంది. అందులో ఒక మనిషి పేరున్న బిళ్ళ కూడా కరిగిపోవచ్చు. చట్టం 2042 దాకా ఆగమంటుంది, తుప్పు ఆగదు, తక్కెడ అసలే ఆగదు.

అరుణాచల్‌లో మాత్రం ఒక మంచి పని జరిగింది. పాసీఘాట్‌లో 2023 నవంబరులో 'హంప్' పేరుతో ఒక మ్యూజియం తెరిచారు. కొండల్లో దొరికిన ముక్కలన్నీ అక్కడ పెట్టారు. ఇన్నాళ్ళూ కత్తులకి, గొడ్డళ్ళకి పనికొచ్చిన రేకు ఇప్పుడు పిల్లలకి పాఠం చెబుతోంది.

మన బడి చెయ్యగలిగిన పని

ఇక చివరి మాట. దమ్రో కొండ దగ్గర స్థానికులకి అన్నీ తెలుసు, అడిగినవాళ్ళు లేరు అని చెప్పాను. మన పరిస్థితీ అదే. 1942 ఏప్రిల్‌లో పదేళ్ళ పిల్లలుగా ఉన్నవాళ్ళు ఇప్పుడు తొంభై దాటినవాళ్ళు. పట్నం నుంచి బళ్ళ మీద వచ్చిన బంధువుల్ని చూసినవాళ్ళు, దీపాలు ఆర్పుకుని పడుకున్నవాళ్ళు, ఆకాశంలో చప్పుడు విన్నవాళ్ళు ఒక్కో ఊళ్ళో ఒకరో ఇద్దరో మిగిలారు. వాళ్ళు కూడా వెళ్ళిపోతే అడగడానికి ఎవరూ ఉండరు. తవ్వకం అంటే పారతోనే కాదు. ముందు తవ్వాల్సింది వాళ్ళ జ్ఞాపకం.

అందుకని సంఘం ముందు మూడు కోరికలు పెడుతున్నాను.

మొదటిది: మన బడిలో తొమ్మిదో తరగతి పిల్లల చేత ఈ సంవత్సరం 'మా ఊరి 1942' అని ఒక రికార్డు రాయించండి. ఒక్కో పిల్లవాడు తన ఊళ్ళో పెద్ద వయసువాళ్ళ దగ్గర కూర్చుని అడగాలి. చెప్పినవాళ్ళ పేరు, వయసు, ఊరు, చెప్పిన తేదీ తప్పనిసరిగా రాయాలి. మన యాసలో చెప్పింది మన యాసలోనే రాయాలి. సెల్‌ఫోన్‌లో గొంతు కూడా రికార్డు చేయాలి. దీనికయ్యే ఖర్చు కాగితం ఖర్చే.

రెండోది: పొలంలోనో చెరువు పూడిక తీసేటప్పుడో తీరంలో ఇసుక కోసుకుపోయినప్పుడో విచిత్రమైన లోహపు వస్తువు కనబడితే ఏం చెయ్యాలో పిల్లలకి నేర్పండి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ మన నేలని ఎలా తిరగేశాయో చూశాం. ఉద్దానంలో తరాల నాటి చెట్లు వేళ్ళతో లేచిపోయాయి. అలాంటప్పుడు ఏదైనా బయట పడొచ్చు. కొట్టకూడదు, కదపకూడదు, ఇంటికి తేకూడదు, అమ్మకూడదు. దూరం నుంచి ఫొటో తీసి, చోటు గుర్తుపెట్టుకుని, పోలీసులకీ తహసీల్దారుకీ చెప్పాలి. మందుగుండు పాతదైన కొద్దీ సాధువు అవదు. ఈ ఒక్క పాఠం ఒక్క పిల్లవాడి చెయ్యి కాపాడినా చాలు.

మూడోది: మన ఇళ్ళలోనే ఉన్న కాగితాలు. సిక్కోలు, విజయనగరం జిల్లాల్లో సైన్యంలోకి మనిషిని పంపని ఊరు వెతికితే గాని దొరకదు. తాత పెట్టెలో పే బుక్కు, పతకం, బర్మా నుంచి వచ్చిన ఉత్తరం ఉంటే పారేయకండి. బడికి తెండి. ఒక కాపీ తీసి మీది మీకు ఇచ్చేద్దాం. మెషిన్‌గన్ నంబరు డెబ్భై ఏళ్ళ తరవాత పనికొచ్చినట్టు, మీ తాత పే బుక్కులోని నంబరు ఎవరికి ఎప్పుడు పనికొస్తుందో చెప్పలేం.

తూర్పు తీరంలోని సైనికుల సమాధుల గురించి ఒక్క మాట. చెన్నైలో 1952లో ఏర్పాటైన యుద్ధ సమాధుల తోట ఒకటుంది. దక్షిణ, తూర్పు భారతంలో చెదురుమదురుగా ఉండి, కలకాలం బాగోగులు చూసే దిక్కు ఉండదనుకున్న సమాధుల్ని అక్కడికి తరలించారు. అన్నీ ఒకే కొలత రాళ్ళు, పెద్ద అధికారికీ మామూలు సిపాయికీ తేడా లేదు. ఎప్పుడైనా చెన్నై వెళితే ఒక గంట అక్కడ నడవండి. పేరు, వయసు చదువుకుంటూ వెళ్ళండి. ఇరవై, ఇరవై రెండు, పంతొమ్మిది. మన ప్లస్ టూ పిల్లల కంటే రెండు మూడేళ్ళు పెద్దవాళ్ళు. నేను వెళ్ళినప్పుడు అక్కడి తోటమాలి ఒక రాతి మీది ఆకులు తుడుస్తున్నాడు. ఎవరిదని అడిగితే, "ఎవరిదైతే ఏంటి సార్, ఎవరో ఒకరి బిడ్డే కదా" అన్నాడు.